ఏడుస్తున్న బిడ్డ ఫోటో

ఎక్స్‌రే ఫిలిం మీద నలుపు మంచిది, తెలుపు చెడ్డది. గాలి ఆడే ఊపిరితిత్తి నల్లగా పడుతుంది. రోగం కూర్చున్నచోట తెల్లని మబ్బు పడుతుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ విద్యలో నాకు తెలిసింది ఇంతే. ఎంత తెలుసునని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫిజిక్సుతో బి.ఎస్సీ. పాసయ్యాను. ఎలా పాసయ్యానన్నది నాకూ, పేపర్లు దిద్దిన పెద్దమనిషికీ మధ్య ఉండిపోయిన విషయం.

యుద్ధం నడుస్తున్న రోజులవి. పాతబస్తీలో ఒక దవాఖానాలో ఎక్స్‌రే మిషను చూసే మనిషి, ఫౌజులో జీతం బాగుందని వెళ్లిపోయాడు. ఆ మిషనూ, దాని పక్కనున్న చీకటిగదీ, గోడకు కొట్టిన బోర్డూ నాకు దక్కాయి. బోర్డు మీద ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒకటే మాట రాసి ఉండేది: "కదలరాదు. ఊపిరి పీల్చి బిగబట్టవలెను." రోజంతా ఆ మాటనే అరుస్తుండేవాణ్ణి. మన జనం మాట వినరని అంటారుగానీ నేనొప్పుకోను. ఒక ముసలాయన ఊపిరి బిగబట్టి, వదలమని నేను చెప్పేదాకా వదలలేదు. ఆయన మొహం రంగు మారాకగానీ నాకు గుర్తు రాలేదు.

హుస్సేనీ ఆలంలో పాలవాళ్ల ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. కింద బర్రెలు, పైన నేను. నా బట్టలకు ఫిలిములు కడిగే మందు వాసన. ఎవరి వాసన గురించీ ఎవరమూ ఫిర్యాదు చేసుకోలేదు. ఇంటికి పెద్ద ఒక అవ్వ. ఆమె కొడుకు పొద్దున్నే సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకొని లాడ్ బజార్ హోటళ్లకు పాలు పోసి వచ్చేవాడు. కోడలు పంతొమ్మిదేళ్ల పిల్ల. తల్లి లేనిది కాబట్టి తొలికాన్పు అత్తగారింట్లోనే జరిగింది. మగపిల్లవాడు పుట్టాడు. ఆ పిల్ల నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి.

ఆమె గదికీ నా గదికీ మధ్య ఒక్క గోడ. కాన్పుకు ముందునుంచే దగ్గుతుండేది. గోడ ఇవతల నేను వింటూ ఉండేవాణ్ణి. నా ఉద్యోగంలో దగ్గులు చీటీ పట్టుకొని వచ్చేవి. చీటీ లేని దగ్గు నా పని కాదని అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో ఇప్పుడు చెప్పలేను. బిడ్డ పుట్టిన మూడు వారాలకు ఆమె దగ్గేటప్పుడు నోటికి పెట్టుకునే గుడ్డలో నెత్తురు చూశాడు భర్త. నా దగ్గరికి వచ్చి, సైకిలు గంట మీద చెయ్యి పెట్టి నిలబడి, "అన్నా, జర నీ దవాఖానాకు తోల్కపోతవా?" అన్నాడు. పొద్దున్న పది గంటలకు ఆమె ఫిలిం తీశాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో రూపాయి బిళ్లంత గుంట. చుట్టూ తెల్లని మబ్బు. కఫంలో పురుగు కూడా కనిపించింది.

మా డాక్టరుగారు పెద్దవారు. ఎవరినైనా మియా అనేవారు, కుర్రవాణ్ణని నన్ను మాత్రం బరఖుర్దార్ అనేవారు. ఆయనకొక పద్ధతి ఉండేది. చీటీ మీద పేరు చూడకుండా ముందు ఫిలిం చూసేవారు. పేరు తెలిస్తే కన్ను జాలిపడుతుందని, జాలిపడిన కన్ను సరిగా చూడదని ఆయన సిద్ధాంతం. ఆ ఫిలిం చూసి, తర్వాత చీటీ చూసి, అడిగారు.

"బచ్చా కిత్తే దిన్ కా హై?"

"ఇరవై రెండు దినాలు" అన్నాను. బిడ్డకు రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంటున్నదనీ, పాలు సరిగా తాగడం లేదనీ చెప్పాను.

రేపు బిడ్డను తెమ్మన్నారు. ఎందుకో కూడా వివరించారు. ఆయన ఉర్దూలో చెప్పిన సంగతి నా మాటల్లో ఇది: పసిబిడ్డకు క్షయ అంటితే మన దగ్గర చెయ్యగలిగింది ఏమీ లేదు. అలాంటప్పుడు తల్లీబిడ్డలను విడదీసి ఏం లాభం, ఉన్న నాలుగు రోజులూ కలిసి ఉండనిద్దాం. బిడ్డకు అంటకపోతే మాత్రం ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచకూడదు. అదే రోజు తల్లినుంచి తీసి వేరే ఇంటికి పంపాలి. తల్లి దగ్గర ఉండే ఒక్కొక్క రోజూ వాడికి ప్రమాదమే. కాబట్టి అంతా ఫిలిం చెప్పాలి.

అంతా ఫిలిం చెప్పాలి అన్నప్పుడు నేను ఛాతీ కొంచెం విరుచుకున్నాననే అనుకుంటాను.

ఆ సాయంత్రం అవ్వ వాకిట్లో బర్రెకు తవుడు కలుపుతుంటే చెప్పాను.

"అవ్వా, రేపు పొద్దుగాల పోరన్ని సుత తోల్కరావాలె. వానిది లోపలి ఫోటో దియ్యాలె."

"గింత పోరనికి ఫోటోనా? ఇంక పేరు సుత పెట్టలే గదరా."

"ఫోటోకు పేరెందుకు? కదలకుంటె చాలు. జర కదిలిండంటె ఫిలిం ఖరాబైతది. యుద్ధంల ఫిలిములు దొరుకుతలేవు."

"కదలకుంట ఉంచాలె, గంతేనా?"

"గంతే."

"గంతే అయితే నేను జూసుకుంట పో" అంది అవ్వ, తవుడు చెయ్యి తొట్టి అంచుకు తట్టి.

మర్నాడు, అంటే బుధవారం, అవ్వా కొడుకూ బిడ్డను తెచ్చారు. కోడలికి జ్వరం, ఇంట్లోనే ఉంది. నిజంగానే ఫోటోకు ముస్తాబు చేసి తెచ్చారు. బుగ్గన దిష్టిచుక్క, కాళ్లకు వెండి కడియాలు, నెత్తిన జరీ టోపీ. కడియాలూ టోపీ తీయించాను. చీటీలో పేరుండాల్సిన చోట "బచ్చా" అని రాశాను. పేపరంత ఫిలిం మీద ఆ బచ్చా అరచెయ్యంత ఉన్నాడు. అవ్వ చేతులు పట్టుకుంది, కొడుకు కాళ్లు పట్టుకున్నాడు. పట్టుకోవలసిన అవసరమే లేదు. వాడు మైనపుబొమ్మలాగా నిద్రపోతున్నాడు. చల్లటి బల్ల మీద పెట్టినా కళ్లు తెరవలేదు. మిషను గుర్రుమన్నా ఉలిక్కిపడలేదు. బోర్డు మీద రాసిన దాంట్లో సగాన్ని ఇంత శ్రద్ధగా పాటించిన పేషెంటు అంతకుముందు ఆ గదికి రాలేదు. రెండో సగం గురించి నేను ఆలోచించలేదు. నాకు పరీక్షలో పసిబిడ్డల మీద ప్రశ్న రాలేదు.

ఫిలిం స్పష్టంగా వచ్చింది. ఎక్కడా చెదరలేదు. రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి.

డాక్టరుగారు దాన్ని వెలుతురు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూశారు. అప్పుడు చీటీ చూశారు. "దోనో తరఫ్" అన్నారు. రెండువైపులా. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా కే పాస్ రహ్‌నే దో" అన్నారు. తల్లి దగ్గరే ఉండనివ్వమని.

అవ్వా కొడుకూ వరండాలో నిలబడి ఉన్నారు. నేను బయటికి వచ్చాను. నాకొక అలవాటు ఉంది. ఉన్నదానికంటే కొంచెం తక్కువ చేసి చెబుతాను. కాలేజీలో పరీక్ష తప్పితే "కాగితం అంత సంతోషంగా లేదు" అని ఇంటికి ఉత్తరం రాసిన చెయ్యి ఇది. ఆ వరండాలో వాళ్ల మొహాలు చూసి, ఆ అలవాటే నోట్లోంచి వచ్చింది.

"డాక్టర్ సాబ్ తల్లి దగ్గర్నే ఉంచమన్నరు."

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

అవ్వ రెండు చేతులూ ఎత్తి నా మొహం చుట్టూ తిప్పి మెటికలు విరిచింది. కొడుకు నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. "మస్తు ఫికరైందన్నా. పోరన్ని తీస్కపోతరేమో అని నిన్నటిసంది ఆమె బువ్వ సుత తింటలేదు" అన్నాడు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి గోడ అవతలనుంచి ఆమె నవ్వు వినిపించింది, తర్వాత దగ్గు. ఆ వారమే ఒక బర్రె ఈనింది. గిన్నెడు జున్ను బెల్లంతో వండి అవ్వ స్వయంగా మెట్లెక్కి తెచ్చిచ్చింది. తిన్నాను. చాలా బాగుంది. ఆ ఇంటి విషయంలో నేను చేసిన పనులన్నిటిలోనూ ఆ జున్ను తినడమొకటి నాకిప్పటికీ మింగుడు పడదు.

తర్వాత వారం రోజులు నేను ఇంట్లో తక్కువగా ఉండేందుకు ప్రయత్నించాను. బిడ్డ ఏడిస్తే వినేవాణ్ణి, ఏడవకపోతే ఇంకా ఎక్కువ వినేవాణ్ణి. చిత్రమేమిటంటే వాడి జ్వరం తగ్గింది. పాలు తాగుతున్నాడు. చచ్చిపోవలసిన బిడ్డకు ఉండవలసిన పద్ధతి ఏదీ వాడికి లేదు.

మరుసటి వారం గురువారం సాయంత్రం, పాలు పితికే వేళ, మెట్లు దిగుతున్నాను. వాకిట్లో చాప మీద వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అవ్వ బర్రె కింద కూర్చొని, కాళ్లమధ్య బకెట్టు, వెనక్కి తిరక్కుండానే కొడుకును కేకేసింది.

"అరేయ్, గూట్ల డబ్బీ ఉన్నది సూడు. అండ్లకెల్లి ఆవగింజంత దీసి వాని నాల్కెకు రాయి. లొల్లికి బర్రె పాలు సేపుతలేదు."

"డబ్బీల ఏందవ్వా?" అన్నాను.

"నల్లమందు బిడ్డ. పాలు పిండేటప్పుడు పోరగాండ్లకు పెడ్తం. గమ్మున పంటరు. వీనికి సుత పెట్టిన చిన్నప్పుడు" అని గడ్డంతో కొడుకును చూపించింది. "ఏమన్న అయిండా? మంచిగనే ఉన్నడు గద, గా తెలివి ఒక్కటే జర తక్కువ."

"అవ్వా" అని ఆయన నొచ్చుకున్నాడు.

నేను చివరి మెట్టు మీద ఆగిపోయాను.

"ఫోటోనాడు సుత పెట్టినవా?"

"పెట్టకుంటె? కదలొద్దని నువ్వే అంటివి. ఆనాడు జర ఎక్కువనే పెట్టిన, నీ ఫిలిం ఖరాబ్ గావద్దని."

ఆమె గొంతులో గర్వం ఉంది. నాకు ఉపకారం చేసిన గర్వం.

నల్లమందు తిన్న బిడ్డ ఊపిరి ఎలా తీస్తాడో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఉందా లేదా అన్నట్టు, పైపైన తీస్తాడు. గాలి నిండని ఊపిరితిత్తి ముడుచుకొని ఉంటుంది, ఫిలిం మీద తెల్లగా పడుతుంది. పెద్దవాళ్లను ఊపిరి పీల్చి బిగబట్టమని రోజంతా అరిచేది దీనికోసమే. పసివాడికి ఆ మాట చెప్పలేం. వాడు నిండా ఊపిరి పీల్చేది ఒక్కప్పుడే, గుక్కపట్టి ఏడిచేటప్పుడు. నేను మాత్రం కదలొద్దని చెప్పి, ఏడుపు లేకుండా చేసి, ఫిలిం బాగా వచ్చిందని సంతోషించాను.

మర్నాడు శుక్రవారం. జుమ్మా, దవాఖానా సెలవు. డాక్టరుగారి ఇల్లు నాకు తెలుసు. చార్మినార్ దాటి పావుగంట నడక. బయల్దేరాను కూడా. సగం దారిలో, సెలవు రోజు పెద్దమనిషిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదేమో అనిపించింది. మర్యాద విషయంలో నేను అంత పట్టింపు ఉన్నవాణ్ణి కాదు, ఆ ఒక్క రోజు తప్ప. ఒక హోటల్లో కూర్చొని రెండు కప్పులు చాయ్ తాగి వెనక్కి వచ్చాను. గోడ అవతల ఆమె బిడ్డకు ఏదో చెబుతూ దగ్గుతున్నది. ఆ రోజంతా విన్నాను.

శనివారం పొద్దున్న అందరికంటే ముందు వెళ్లి పాత ఫిలిం బయటికి తీశాను. వెలుతురులో పెట్టి పక్కటెముకలు లెక్కపెట్టాను. ఊపిరి నిండా పీల్చిన బిడ్డకు, గుండెకింది పొరకు పైన ఎనిమిది కనిపించాలి. ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. సైన్సులో అంకెలు నమ్మకమైనవని మాకు నేర్పారు. అవి ఆరే ఉన్నాయి.

డాక్టరుగారు వచ్చాక మొత్తం చెప్పాను. కదలొద్దన్న మాట, నల్లమందు, వరండాలో నేను చెప్పిన ముక్క, నిన్నటి చాయ్ కూడా. ఆయన ఫిలిం తీసుకొని తన వేలితో తానూ లెక్కపెట్టారు. అరుస్తారని ఎదురుచూశాను. అరిస్తే నాకు కొంత హాయిగా ఉండేది.

"ఆరు" అన్నారు తెలుగులోనే. "గిన్తీ మై భీ నై కరా." లెక్క నేనూ పెట్టలేదని. ఫిలిముల బీరువా తాళంచెవి నా ముందు పెట్టారు. "ఆజ్ హీచ్ లావ్. రోతా హువా లావ్."

ఇవాళే తీసుకురా, ఏడుస్తూ ఉండగా తీసుకురా.

ఇంటికి వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చొని ఉంది. బిడ్డ ఒడిలో ఉన్నాడు. అవ్వ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నేను అవ్వ పక్కనే, గడప ఇవతల నిలబడ్డాను.

"చెల్లె, ఆనాడు నేను పూరా చెప్పలే."

"ఏంది అన్నా?"

"తల్లి దగ్గర ఉంచమన్నది, పోరడు మంచిగున్నడని గాదు."

ఆమె బిడ్డ మీదినుంచి చూపు తిప్పి నన్ను చూసింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, బడికి పోలేదు. అర్థం చేసుకోవడానికి నేను కాలేజీలో ఏ పాఠానికి తీసుకున్నదానికంటే కూడా తక్కువ సమయం తీసుకుంది.

"బతకడనా?"

"గట్లనుకున్నరు. ఫిలిం తప్పు. పండుకొని ఉండంగ తీస్తే గట్లనే తెల్లగొస్తది. ఇయ్యాల మల్ల తియ్యాలె, ఏడ్వంగ."

అవ్వ చేతిలో చాట ఆగిపోయింది. "నేను పెట్టిన నల్లమందుతోనా?" అంది. నేను "కదలొద్దన్నది నేను గద అవ్వా" అన్నాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"ఇయ్యాల మంచిగొస్తే?" అంది కోడలు.

నాకు తెలిసిన మెత్తటి మాటలన్నీ ఒక్కసారిగా నోటికి వచ్చాయి. ఒక్కటీ వాడలేదు.

"మంచిగొస్తే వాన్ని గీ ఇంట్ల ఉంచొద్దు. నీ దగ్గర ఉంచొద్దు. ఇయ్యాల్నే తీస్కపోవాలె."

"ఖరాబొస్తే?"

"నీ దగ్గర్నే ఉంటడు."

ఆమె బిడ్డ జుట్టును వేలితో ఒకవైపు సర్దింది, మళ్లీ రెండోవైపు సర్దింది. వాడికి సర్దేంత జుట్టు లేదు.

"టాంగా పిలువు" అంది.

వద్దన్నా వినకుండా తానూ వచ్చింది. టాంగాకు పరదా కట్టించి, అవ్వ ఒకవైపు, తానొకవైపు కూర్చున్నారు. భర్త సైకిలు మీద వెనకే వచ్చాడు. దవాఖానా చేరగానే అతన్ని నది అవతల ఉన్న తన అక్క ఇంటికి పంపాం, ఎందుకైనా మంచిది ఆమెను దవాఖానాకు తోలుకురమ్మని.

బిడ్డను బల్లమీద పెట్టాం. తల్లి తలవైపు నిలబడి చేతులు పట్టుకుంది, అవ్వ కాళ్లు పట్టుకుంది. నేను మిషను సర్ది, కరెంటు నిలకడగా ఉందో లేదో చూసుకొని, బటన్ పట్టుకొని నిలబడ్డాను. వాడు ఏడవాలి.

వాడు తల్లి మొహం చూస్తున్నాడు. కిందినుంచి, తలకిందులుగా. ఆ మొహం అలా కనపడడం కొత్తగా ఉన్నట్టుంది, ఆసక్తిగా చూస్తున్నాడు. ఏడిచే ఉద్దేశం ఏ కోశానా కనిపించలేదు.

"అవ్వా, జర గిచ్చు" అన్నాను.

"నా చేతులతోనా?" అంది అవ్వ. "నాతోని గాదు బిడ్డ. నువ్వే గిచ్చు."

నేను బటన్ వదిలి వెళ్లి వాడి కాలు పట్టుకున్నాను. వాడు నా వేలు పట్టుకున్నాడు. ఎక్స్‌రే శాస్త్రంలో ఇలాంటి ఇబ్బందికి పరిష్కారం రాసి లేదు. నేను వెనక్కి వచ్చి మళ్లీ బటన్ పట్టుకున్నాను.

"నేనే ఏడిపిస్త అన్నా" అంది తల్లి. "అవ్వా, నువ్వు గీ దిక్కు రా, చేతులు పట్టు."

ఆమె కాళ్లవైపు వచ్చింది. వాడి కుడిపాదం ఎడమచేత్తో పట్టుకుంది. అప్పుడే రెండోవైపు తిరిగి, చెంగులో దగ్గి, మళ్లీ తిరిగింది. మధ్యవేలును బొటనవేలికి ఆనించి, అరికాలి మీద గట్టిగా కొట్టింది. వాడు ఆశ్చర్యపోయాడు. రెండోసారి కొట్టింది. వాడి పెదవి వంకర తిరిగింది. మూడోసారి కొట్టగానే నోరు తెరిచి, మొహమంతా ఎర్రబడి, శబ్దం రాకముందు ఆ పెద్ద ఊపిరి, లోకంలో ఉన్న గాలంతా తనకే కావాలన్నట్టు తీసిన ఊపిరి తీశాడు.

నొక్కాను.

చీకటిగదిలో ఎర్రదీపం కింద తొట్టిలో ఫిలిం కదుపుతూ నిలబడ్డాను. తలుపు బయట వాడు ఇంకా ఏడుస్తున్నాడు, అవ్వ సముదాయిస్తున్నది, తల్లి గొంతు వినిపించడం లేదు. మందునీళ్లలో మెల్లగా ఎముకలు తేలాయి. లెక్కపెట్టాను, ఎనిమిది. వాటి వెనక రెండువైపులా నలుపు, బర్రె ఒంటి మీదిలాంటి నిగనిగలాడే నలుపు. నేను కోరుకున్నది అదే. తలుపు తీసి బయటికి వెళ్లి ఆ మాట చెప్పడానికి మాత్రం ఫిలిం కడగడానికి కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది.

తడి ఫిలిం చూసి డాక్టరుగారు తల ఊపారు. ఒక జాగ్రత్త కూడా చెప్పారు. ఇవాళ్టికి సాఫ్‌గా ఉంది. పది రోజులు తల్లి పక్కన ఉన్నాడు, ఆ పది రోజుల్లో ఏం జరిగిందో ఈ ఫిలిం చెప్పదు, ముందుముందు చెబుతుంది. నెలకొకసారి తియ్యాలి.

మేనత్త వచ్చి వరండాలో నిలబడి ఉంది. లావుపాటి, ధైర్యంగల మనిషి. బిడ్డను అవ్వ చేతుల్లోంచి తీసుకొని, తానేం మాట్లాడినా తప్పే అవుతుందని తెలిసిన మనిషిలా గబగబా మెట్లు దిగింది. తల్లి స్తంభం దగ్గర, నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నిలబడింది. దగ్గరికి రాలేదు. రావద్దని ఎవరూ చెప్పలేదు. తిరిగి వెళ్లేటప్పుడు టాంగా పరదా దించి ఉంది కాబట్టి నేను చూసిందేమీ లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆమె అడిగింది, ఆ ఫోటో ఒకసారి చూపించగలనా అని. ఫిలిములు దవాఖానా దాటి పోకూడదని నియమం. షేర్వానీ లోపల పెట్టుకొని, గుండీలు మెడదాకా బిగించి, కొంచెం బిగుసుకొని నడుస్తూ తెచ్చాను. ఆమె దాన్ని కిటికీలో ఎండకు ఎత్తి పట్టుకుంది.

"గివి ఎముకలా?"

"ఎముకలే. ఎనిమిది లెక్కవెట్టు."

వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "గీ తెల్లది ఏంది నడుమల? తెల్లగుంటే బీమారని చెప్పినవు గద?"

"గది గుండె. దానికి మాఫీ."

ఆమె నవ్వింది. నవ్వుతో వచ్చిన దగ్గు ఆగాక, ఫిలిం దించకుండానే అంది.

"ఆనాడే పూరా చెప్తే ఆనాడే ఇస్తుంటి అన్నా."

నేను కిటికీ రెక్క ఇంకా కాస్త తెరిచాను.

"ఇస్తుంటినో లేదో" అంది మళ్లీ. "ఏమో. గా పది దినాలు నాకైతే దొరికినయి. వానికి ఏం దొరికిందో ఏమో." ఫిలిం మూల నోరు తెరిచిన దవడ అంచు కొంచెం పడి ఉంది. దాని మీద వేలు పెట్టింది. "ఏడుస్తుండా ఇండ్ల?"

"ఏడుస్తుండు."

"మంచిది" అని, ఫిలిం నాకిచ్చింది.

రెండో నెల ఫిలిం కూడా అలాగే తెచ్చి చూపించాను. అప్పటికి దాన్ని ఎత్తి పట్టుకునే శక్తి ఆమెకు లేదు, నేను పట్టుకున్నాను. ఎముకలు లెక్కపెట్టింది. మూడో నెల ఫిలిముకు ఆమె లేదు.

ఆత్రపడేవాళ్ల కోసం ముందే చెబుతాను, వాడు బతికాడు. ఇప్పుడు క్యాన్లు వాడే మోస్తున్నాడు. ఆ పాలు అవ్వ కాలంనాటి పాలంత చిక్కగా ఉండవు, నేనేమీ అనను. అయితే ఆ మూడో నెలలో ఈ సంగతి మాకెవరికీ తెలియదు.

ఆ ఫిలిం తియ్యడానికి ఎవరూ వాణ్ణి కొట్టవలసిన అవసరం రాలేదు. నన్ను గుర్తుపట్టి గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టాడు. ఎనిమిది ఎముకలూ, నల్లని నలుపూ వచ్చాయి. ఎందుకో దాన్ని కూడా షేర్వానీలో పెట్టుకొని ఇంటికి తెచ్చాను. ఆమె గదికి కొత్తగా సున్నం వేశారు. మంచం తీసేశారు. నేను వెళ్లి ఆ కిటికీలోనే ఎండకు ఎత్తి పట్టుకొని నిలబడ్డాను. అవ్వ మెట్లెక్కి వచ్చింది. నా చేతిలోంచి ఫిలిం తీసుకొని, తలకిందులుగా పట్టుకొని చూసింది. నేను సరిచెయ్యలేదు.

"ఎట్లున్నది బిడ్డ?"

"ఇయ్యాలటికి సాఫున్నది అవ్వా. గా పది దినాల సంగతి ఇంక తెల్వది. వచ్చే నెల మల్ల తియ్యాలె, ఆ మీది నెల సుత తియ్యాలె. అప్పుడు ఏమన్న తెల్లగ రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మన దగ్గర మందు లేదు."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"గంత పొడుగెందుకు చెప్తవ్ రా? సాఫున్నది అంటె చాలదా?"

"చాలదు" అన్నాను.